గోడ మీద జీవమ్మ పేరు

ఆళ్లగడ్డలో నంద్యాల బస్సెక్కినప్పటినుంచి జీవమ్మ సీట్లో కుదురుగా కూర్చోలేదు. సంచి ఒళ్లోంచి తీసి కాళ్ల దగ్గర పెడుతుంది, మళ్లీ ఒళ్లోకి తీసుకుంటుంది. పక్కనామె విసుక్కుని వేరే సీటుకు పోయింది. పోతే పోయింది. అజయ్ కుమార్ దొంగతనానికి సాక్ష్యం తేవాలి, ఈ పొద్దే తేవాలి.

అజయ్ కుమార్ వాళ్ల ఊరి సచివాలయంలో వ్యవసాయ సహాయకుడు. ఎండిపోయిన శనగకు ప్రభుత్వం ఎవరికెంత సాయం ఇచ్చిందో అచ్చేసి, పోయిన వారం సచివాలయం గోడకు అతికించాడు. ఊరంతా చదివింది. జీవమ్మ పేరుకెదురుగా 'జమ అయింది' అని ఉంది. ఆమెకేమో పైసా రాలేదు. అంగడి పద్మమ్మ మూతి తిప్పి, "దుడ్లు వచ్చినా నీ ఏడుపు ఆగదు గదే" అంది. కడుపు మండదా మరి?

ఆ గోడ కాడే అజయ్‌ను నిలదీసింది. అతను ఫోన్లో చూసి, "నంద్యాల బ్యాంకులో పడినాయక్కా" అన్నాడు.

"నంద్యాల్లో నాకు అకౌంటు యాడిదప్పా? నువ్వే నా పేరుతో తెరిచి మింగినావ్!"

"నేను తిన్లా అక్కా. ఒకసారి పోయి అడుగు."

అడగడమా! జీవమ్మ ఇంటికి పరిగెత్తి, బైబిలు తెచ్చి నెత్తిన పెట్టుకుని, నంద్యాల బ్యాంకు గడప తొక్కి ఎరగనని ఊరందరి ముందు ఒట్టేసింది. ఏ ఆదివారమూ ప్రార్థన మానని మనిషి బైబిలు ఎత్తి అబద్ధమాడుతుందా? ఊరు నమ్మేసింది. పిల్లగాడిని దొంగన్నారు. సోమవారం విచారణకు అధికారి వస్తున్నాడు, ఉద్యోగం ఊడినట్టేనని చెప్పుకుంటున్నారు.

నంద్యాల బ్యాంకులో అమ్మాయి జీవమ్మ ఆధార్ నంబరు కొట్టి చూసింది. "పడినాయమ్మా. నీదీ షాలినిదీ జాయింటు అకౌంటు, నీ ఆధార్ దీనికే కలిపి ఉంది. డబ్బులు తీసేసినారు కూడా."

షాలిని జీవమ్మ కూతురు, ఇక్కడే నర్సింగు చదువుతోంది. కాలేజీలో చేర్చిన రోజు, ప్రభుత్వం ఇచ్చే ఫీజు తల్లీబిడ్డల ఉమ్మడి ఖాతాలోనే పడుతుందంటే, వేలు చూపిన చోటల్లా సంతకాలు పెట్టింది. ఇదే బ్యాంకులో, ఇదే గడప తొక్కి. ఎప్పుడో ఒక్కసారి వచ్చిపోయింది గుర్తుంటుందా? ఉండాల్సింది. బైబిలు నెత్తికెత్తుకునే ముందైనా గుర్తుండాల్సింది.

హాస్టలుకు నడిచిందో పరిగెత్తిందో ఆమెకే తెలియదు. తల్లికి ఒక్క మాట చెప్పకుండా తీస్తుందా, చెంప పగలగొట్టాలి అనుకుంటూ పోయింది. తిట్టు నోరు దాటే లోపే షాలిని గేటు దగ్గరికొచ్చి మెడ చుట్టేసుకుంది.

"పరీక్ష ఫీజు కట్టేసినా మా. శనగ ఎండిపాయె, నిన్నెట్ల అడగాలని ఏడుస్తాంటే అకౌంట్లో పడినాయి. అడక్కుండానే మాయమ్మ ఏసిందని అందరికీ చెప్పుకున్యా. ఫోన్లో చెప్తే ఏడుపొస్తాదని నువ్వొచ్చేదాకా ఆగినా. నాకు కావాలని నీకెట్ల తెల్సింది మా?"

అవును నేనే అంటే ఎంత తీపి! ఊరికి వట్టి చేతులతో పోయి, ఏమీ తేలలేదంటే అడిగేవాడు కూడా లేడు. ఆ పిల్లగాడు ఏమైపోతే ఏమి అనుకుంది జీవమ్మ. అనుకున్నందుకు తనంటే తనకే భయం వేసింది.

"నాకు తెల్దు పాపా. నేను ఏయల్యా. మన సేను ఏసింది. ఎండిపోయి కూడా ఏసింది."

కూతురి ముఖం చిన్నబోయింది. జీవమ్మ ఆ ముఖం చూడలేక, అజయ్‌కు ఫోన్ కలపమంది. అతను "ఎవరు, ఎవరు" అన్నాడు.

"నేనప్పా, జీవమ్మను. దుడ్లు నా బిడ్డ అకౌంట్లోనే పడినాయి. నువ్వు తిన్లా. రేప్పొద్దున ఆ గోడ కాడ నిలబడు నాయనా, అందర్నీ పిల్చకొస్తా. బైబిలు తెస్తా."

"బైబిలు వద్దులే అక్కా," అన్నాడు అజయ్. "ఈసారి ఉత్తగనే చెప్పు."