పేరు తేలని సీగల్

ఒడిసెల గిర్రున తిరిగింది. రాయి చెరువులో పడేసరికి నీటికాకుల గుంపు ఒక్కసారిగా లేచింది. జయరత్నం దేనికీ తగలకుండానే విసిరాడు. ఏళ్ల తరబడి అతని పని పక్షుల్ని బెదరగొట్టడమే, చంపడం కాదు. పుంగనూరు పక్కనున్న ఈ చెరువులో చేపల గుత్తదారులు మారారు గానీ కాపలాదారు మారలేదు. ఎండకు కమిలిన మెడ, కాయకాచిన బొటనవేలు, వెలిసిపోయిన ఖాకీ నిక్కరు. గట్టు మీద అతనూ ఒక రాయే.

చుట్టూ చూసి, చొక్కా కింద దాచిన కొబ్బరిచిప్ప తీశాడు. పిడికెడు చిన్నచేపలు. నాలుకతో టక్కుమనిపించాడు. తెల్లటి సీగల్ ఒకటి గాలిలోంచి జారి అతని పాదాల దగ్గర వాలింది.

సముద్రం ఎక్కడ, పుంగనూరు ఎక్కడ! పోయిన నెల పక్షుల్ని చూడ్డానికొచ్చిన కుప్పం కాలేజీ లెక్చరర్ యమున దాన్ని చూసి ఎగిరి గంతేసినంత పని చేసింది.

"అన్నా, దీని కన్ను ఒక జాతిది, రెక్క కొస ఇంకో జాతిది. ఫోటోతో తేలదు. మదనపల్లె నుంచి పక్షుల సంగతి తెలిసిన పెద్దాయన్ని తీసుకొస్తా. అంతవరకూ ఇది యాడికీ పోకుండా సూడు."

జయరత్నానికీ అమ్మది చర్చి, నాయనది గుడి. 'నువ్వు ఎవురోడివిరా?' అని చిన్నప్పుడు అడిగినవాళ్లకు జవాబు చెప్పలేకపోయాడు. ఈ పక్షికైనా జవాబు దొరకనీ అనుకున్నాడు. అందుకే మేపాడు. గుత్తదారు దేవేంద్రకు తెలిస్తే కాపలా ఊడుతుంది. పెళ్లాం కృపమ్మకు కూడా చెప్పలేదు. ఆమె నోట్లో నువ్వుగింజ నానదు.

మిగిలిన చేపల మీద తడిగుడ్డ కప్పి, చిప్పను సాయంత్రానికని తుమ్మచెట్టు మొదట్లో పెట్టాడు. మధ్యాహ్నం కృపమ్మ సంగటి తెచ్చింది.

"రొంతసేపు సూస్తాండు మే. బస్టాండు కాడికి పోయి మేడమోళ్లకు దోవ సూపించల్ల."

"పో పో. నేనూ మా నాయన సేన్లో ఒడిసెల తిప్పినదాన్నే!"

యమున వాళ్ల కారులో జయరత్నం గట్టెక్కేసరికి అక్కడి కొయ్యకు తెల్లగా ఏదో వేలాడుతోంది. చచ్చిన పక్షిని తలకిందులుగా కడితే మిగతావి దరిచేరవన్నది చెరువు కాపలాదారుల పాత పద్ధతి.

కృపమ్మ ముఖం వెలిగిపోతోంది. "సూడయ్యా, ఒగటే రాయి! దీనికి బయమనేదే లేదు. కాళ్లకాడికొచ్చి నోరు తెరిసె. ఇంత దొంగముండను నేను యాడా సూళ్లేదు."

జయరత్నం కొయ్య దగ్గరికి నడిచాడు. దాని భయం పోగొట్టింది ఎవరు?

యమున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పెద్దాయన ముద్దుకృష్ణ మాత్రం ముడి విప్పి, రెక్క చాపి కొలిచాడు. కనురెప్ప ఎత్తి చూశాడు. "చేతికొస్తేనే తేలేది," అన్నాడు మెల్లగా. "రెండు జాతులే. సందేహం లేదు."

"పేరేంది సామీ?" జయరత్నం అడిగాడు.

"దీనికంటూ పేరుండదప్పా. అమ్మ జాతి, నాయన జాతి పేర్లు రెండూ రాసి, నడుమ ఇంటూ గుర్తు పెడతాం. అంతే."

కృపమ్మ నవ్వు ఆరిపోయింది. "ఏమయ్యా, యాల అట్ల సూస్తాండావు? నేనేం సేస్తిని?"

"నువ్వేం సేయలేదు మే. నేనే సెప్పలేదు."

ఐస్ పెట్టెలో పక్షితో కారు వెళ్లిపోయింది. నీటికాకులు ధైర్యంగా చెరువులో దిగాయి. అతను ఒడిసెల ముట్టలేదు.

తుమ్మచెట్టు మొదట్లో, గుడ్డ కప్పిన కొబ్బరిచిప్ప చుట్టూ మట్టి ఇంకా తడిగానే ఉంది.