బొల్లిగేదె చేపాలంటే

"నువ్వెళ్తే గేదె చేపొద్దూ?"

సువర్ణ బందరు మాట ఎత్తినప్పుడల్లా మొగుడు యేసుదాసు అనే మాట ఇదే. చేపడమంటే పొదుగులోకి పాలు దించడం. వాళ్ళ బొల్లిగేదె మహా గడుసుది. సువర్ణ చెయ్యి పడితే తప్ప చుక్క వదలదు. యేసుదాసు కూర్చుంటే తన్నేది. అత్తగారు జ్ఞానమ్మ కూర్చుంటే పాలు బిగబట్టేది. "మా కోడలిది దీవెన గల చెయ్యి," అని ఆవిడ పేటంతా చెప్పుకునేది. దీవెనట, దీవెన! ఆ దీవెనే ఆరేళ్ళుగా సువర్ణని గుంజకి కట్టేసింది.

పోనీ ఆమె ఏమన్నా కొండమీద కోతిని అడిగిందా? బందరు ఆస్పత్రిలో ఆయాగా చేసే అక్క దయామణి దగ్గర మూడు రోజులుండాలి. ఎండ మొహాన పడేదాకా పడుకోవాలి. చిన్నప్పుడు ఒకే దుప్పట్లో దూరి నవ్వుకున్నట్టు మళ్ళీ నవ్వుకోవాలి. అంతే. ఉప్పెన వచ్చిన ఏడు, అక్క బతికుందో లేదో తెలియక అల్లాడిపోతుంటే యేసుదాసే వెళ్ళి చూసొచ్చాడు. "బానే ఉంది. నిన్ను అడిగింది," అన్నాడు. ఏమని అడిగిందండీ అంటే, "ఏమో, అడిగిందంతే," అన్నాడు. ఆ ఒక్క ముక్కనే రెండేళ్ళుగా తలుచుకుంటోంది సువర్ణ.

వానల్లో మోకాటిలోతు బురదలో గట్ల మీద గడ్డి కోసింది. కోతలయ్యాక చేలో పెరిగిన పిల్లిపెసర మేత మోపులు కట్టి మోసింది. ఎండల్లో కాలవలో గేదెల్ని తోమింది. ఏ కాలంలోనైనా చేతులు ఇక్కడా, మనసు బందరు బస్సులోనూ. "కోతలయ్యాక చూద్దాంలే," అన్నాడు యేసుదాసు. "వట్టిపోయాక వెళ్దువుగానిలే," అంది అత్తగారు. తీరా బొల్లి వట్టిపోయేసరికి దాని తొలి ఈత పెయ్య ఎదిగి ఈనింది. దానికీ సువర్ణ చెయ్యే అలవాటు చేశారు.

ఏటా కోతలయ్యాక ఇంట్లో కృతజ్ఞత ప్రార్థన కూడిక పెట్టడం వాళ్ళ ఆనవాయితీ. ఈసారి ఆదివారం మధ్యాహ్నం పెట్టారు. ముప్పై మందికి వంట సువర్ణే, పాస్టరు గారికి గడ్డ పెరుగు తోడేసింది సువర్ణే. యేసుదాసు ఇస్త్రీ చొక్కా వేసుకుని దేవుడు చేసిన మేళ్ళకి సాక్ష్యం చెప్పడానికి లేచాడు. వానలకి స్తోత్రమన్నాడు, పంటకి స్తోత్రమన్నాడు. "మా బొల్లిగేదెని బట్టి దేవుడికి స్తోత్రమండీ. ఈ ఈతలో ఒక్క పూట కూడా పాలు తప్పలేదు." ఆమెన్ అన్నారందరూ.

వంటింటి గుమ్మంలో గరిటె పట్టుకుని నిలబడ్డ సువర్ణ ఇంకా వింటూనే ఉంది. ఇప్పుడు అంటాడు, నా ఊసు ఇప్పుడెత్తుతాడు అని. యేసుదాసు కాస్తా కూర్చున్నాడు. ఆమెకి ఏడుపు తన్నుకొచ్చింది. ఏం, ఆ గేదె తనని తానే పితుక్కుందా?

పాస్టరు గారి భార్య ప్రభావతమ్మ ఆమె మొహం చూసింది. "నువ్వూ ఓ మాట చెప్పమ్మా సువర్ణా," అంది.

సువర్ణ గరిటె కింద పెట్టి, చెంగు నెత్తిన కప్పుకుంది. "ఉప్పెనలో మా అక్కని బతికించినందుకు దేవుడికి స్తోత్రం. రేపు పొద్దున బస్సుకి దాన్ని చూడ్డానికి బందరు వెళ్తున్నాను. మూడు రోజులుండి క్షేమంగా రావాలని అందరూ ప్రార్థన చెయ్యండి."

"ఆమెన్!" అన్నారు ముప్పై మందీ. పాస్టరు గారు అక్కడికక్కడే ప్రార్థన కూడా చేసేశారు. ఇంక యేసుదాసు నోరెక్కడ విప్పుతాడు?

అందరూ వెళ్ళాక పెరట్లో పట్టుకున్నాడు. "మరి గేదె చేపొద్దూ?"

సువర్ణ దండెం మీంచి తన పాత చీర తీసి అతని చేతిలో పెట్టింది. "ఇది చుట్టుకుని కూర్చోండి. నా వాసనకి చేపుతుంది."

"మగాణ్ణి, నన్ను చీర కట్టుకోమంటావా?"

"పెళ్ళాం పురిటికెళ్తే పక్కింటి యలమంద అన్నయ్య ఆవిడ చీర కట్టుకుని గేదెని పితకలేదా? అప్పుడు అందరికంటే ఎక్కువ నవ్వింది మీరే. మన పెళ్ళైన కొత్తలో." ఆమె దండెం మీది మిగతా బట్టలు కూడా తీసి భుజాన వేసుకుంది. "ఈ చీర కిటుకు నాకు తెలుసు, మీకూ తెలుసు. మీ అంతట మీరే 'వెళ్ళిరా' అంటారని ఆరేళ్ళు చూశానండీ."