కొట్టం గోడలో కట్టురాళ్లు

థర్జా వాళ్ల ఇల్లూ పశువుల కొట్టమూ ఒకే కప్పు కింద, ఒకే రాతిగోడకు అటూ ఇటూ ఉంటాయి. వంటింట్లో కూర్చుంటే ఆవులు నెమరేయడం వినిపిస్తుంది. ఇంగ్లండులోని ఆ యార్క్‌షైర్ లోయలో చాలా ఇళ్లు అంతే.

ఆ పొద్దున భూస్వామి తాలూకు ఏజెంటు పికర్స్‌గిల్ వచ్చి, కొట్టం బయటిగోడ నిటారుగా ఉందో లేదో చూడ్డానికి సీసపు గుండు కట్టిన దారం వేలాడదీశాడు. గోడ మధ్యలో బెత్తెడు పొట్ట తేలి ఉంది.

"ఏమోస్, ఇందులో ఒక్క కట్టురాయీ లేదయ్యా! ఉంటే అందరి కొట్టాలకీ ఉన్నట్టు కొసలు బయటికి పొడుచుకు రావా? లోపలి పొరనీ బయటి పొరనీ కలిపి పట్టి ఉంచే రాయే లేకపోతే ఈ గోడ చలికాలం దాటదు. కొట్టం పడగొట్టించాల్సిందే."

థర్జా తండ్రి ఏమోస్ టోపీ నలిపేస్తూ, "తొమ్మిది ఆవుల్ని ఎక్కడ కట్టుకోను దొరా? అమ్ముకోవాలి" అన్నాడు.

"గోడ నీ మీద పడితే మళ్లీ నన్నే అంటావు!"

పాలబకెట్‌తో గుమ్మంలో నిలబడ్డ థర్జాకు పదిహేనేళ్లు. కొత్తవాళ్ల ముందు నోరు పెగలదు. కానీ రెండుపూటలా పాలు పిండేది తనే. ఆ గోడ లోపలివైపు ఆమెకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

"ఉన్నాయి" అంది.

"ఏంటే?" అన్నాడు తండ్రి.

"కట్టురాళ్లు. లోపల ఏడు కొసలున్నాయి నాన్నా. నా శాలువా వాటికే తగిలిస్తా. బయటి కొసల్ని ముత్తాత చెక్కించేశాడట, చర్చి గోడలా నున్నగా కనపడాలని. నానమ్మ చెప్పింది."

"ఆ ముసలాయన డాబు తగలెయ్య!" అన్నాడు ఏమోస్.

పికర్స్‌గిల్ నవ్వాడు. "లోపల కొస ఉంటే సరా? అది బయటిదాకా రాని సగం రాయైతే?"

"మీరు బయట సుత్తితో కొట్టండి. నేను లోపల చెయ్యి ఆనించి చెప్తా."

ఆమె లోపల మూల నుంచి అడుగులు కొలుచుకుని, బయట అదే కొలతకు ఏడుచోట్ల సుద్దతో గుర్తు పెట్టింది. మళ్లీ లోపలికెళ్లి ఆవుల మధ్య దూరి మొదటి కొసకు అరచెయ్యి ఆనించింది. బయట సుత్తి ఠంగుమంది. రాయి చేతిలో జివ్వుమంది.

"మోగింది!" అని గాలికంతలోంచి అరిచింది. రెండోది, మూడోది మోగాయి. నాలుగో దెబ్బకు చేతికేమీ తెలియలేదు.

"ఇది లేదుగా!" అన్నాడు బయటి నుంచి పికర్స్‌గిల్, ఆమె కేక వినపడక.

థర్జా కంతలోంచి తొంగిచూసి, "గుర్తు మీద కొట్టండి దొరా! పక్కరాయిని కొడుతున్నారు! కళ్లు కనపడవా?" అని గదిమింది.

ఏమోస్ గతుక్కుమన్నాడు. పికర్స్‌గిల్ చెవులు ఎర్రబడ్డాయి. జరిగి, మళ్లీ కొట్టాడు.

"మోగింది!"

ఏడూ మోగాయి. పొట్ట తేలింది రెండు వరసల కట్టురాళ్ల మధ్య ఉన్న బయటి పొర మాత్రమే. చూరునీళ్లు దిగి ఉబ్బింది.

"అంతవరకే విప్పి మళ్లీ పేర్చండి. కొట్టం ఉంటుంది" అన్నాడు పికర్స్‌గిల్, దారం చుట్టుకుంటూ.

అతను గేటు దాటకముందే, మళ్లీ పాలబకెట్ అందుకున్న కూతుర్ని ఏమోస్ బకెట్‌తో సహా ఎత్తి గిరగిరా తిప్పాడు. పాలు ఇద్దరి మీదా ఒలికాయి.

"ఇన్నాళ్లూ ఎక్కడ దాచావే ఆ గొంతు?"

"ఆవులకు తెలుసు నాన్నా" అంది థర్జా, పగలబడి నవ్వుతూ.