ఆరేళ్ళకి వచ్చే పన్ను

"పాలపళ్ళేగా డాక్టరమ్మా! ఎటూ ఊడేవే. వాటికింత హడావిడెందుకు?" అంది నాయనమ్మ.

ఆవిడ మూడు నెలలకోసారి ఆ ఊరికి వచ్చే పళ్ళ డాక్టరు. కుర్చీలో పడుకున్న పిల్ల నోట్లో చిన్న అద్దం పెట్టి చూస్తోంది. పిల్లకి ఏడేళ్ళు. ఇంట్లో పిడుగు అంటారు. ఇప్పుడా పిడుగు గౌను అంచుని రెండు చేతులా నలుపుతోంది.

తండ్రి గోడ పక్కన నిలబడ్డాడు. ఇళ్ళకి రంగులు వేస్తాడు. పనిలోంచి నేరుగా వచ్చాడు, మోచేతుల దాకా రంగు చుక్కలే.

"ముందువి పాలపళ్ళే. ఈ చివరి దవడ పళ్ళు కావు," అంది డాక్టరమ్మ. "ఏ పన్నూ ఊడకుండానే ఆరేళ్ళకి వెనకాల వస్తాయి. పోతే మళ్ళీ రావు."

తండ్రి తల దించుకున్నాడు. పిల్ల పళ్ళు పుచ్చకుండా పూత వేయిస్తారా అని ఆర్నెల్ల కిందట బడి నుంచి కాగితం వచ్చింది. 'పాలపళ్ళు, అక్కర్లేదు' అని రాసిచ్చింది అతనే.

"కుడివైపుది పిప్పి పట్టింది, తొలిచి నింపాలి. ఎడమదాని గాడిలో నల్లగీత ఉంది. మరకైతే పూత వేసి కాపాడొచ్చు. లోపలికి దిగిందా, అదీ తొలవాల్సిందే."

సన్నని బ్రష్‌తో గాడి తోమింది. గాలి కొట్టింది. దీపం దగ్గరికి లాగి వంగింది. చాలాసేపు వంగే ఉంది.

"ఏమంటారు?" అంది నాయనమ్మ.

"ఉండండమ్మా."

తండ్రి గోడ వదిలి ఓ అడుగు ముందుకేశాడు.

"మరకే," అంది డాక్టరమ్మ. "కానీ పూత పడేదాకా ఉమ్మి తగలకూడదు. తగిలితే నిలవదు."

"తడిగోడకి లప్పం పట్టనట్టు," గొణిగాడు తండ్రి.

"అచ్చం అంతే."

గాడిలో మందు రాసి కడిగింది. దూది పెట్టి పన్ను ఆరబెట్టింది. పన్ను సుద్దలా తెల్లబడింది.

"దీని నాలిక ఇంట్లోనే ఊరుకోదు, ఇక్కడ ఊరుకుంటుందా!" అంది నాయనమ్మ. పిడుగు కిసుక్కున నవ్వింది. నాలిక వెళ్ళి పన్నుకి తగిలింది.

"మళ్ళీ మొదటికొచ్చాం," అంది డాక్టరమ్మ. "ఇంకోసారి తడిస్తే ఇవాళ్టికి ఆపేస్తాను, పిల్ల తట్టుకోలేదు. నేను మళ్ళీ వచ్చేది మూడు నెలలకి. అప్పటికది గీతలా ఉండదు."

పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాయనమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

తండ్రి పిల్లకి ఎదురుగా ఉన్న గోడ దగ్గరికి వెళ్ళాడు. "తల్లీ, నా వేలు చూడు. ఈ అంచు వెంబడి రంగు వేస్తున్నాననుకో. కిటికీకి చేరేదాకా నువ్వు కదిలితే గీత వంకరపోతుంది."

వేలు గోడ మీద మెల్లగా సాగింది. పిల్ల కళ్ళు దాని వెంటే సాగాయి. డాక్టరమ్మ మళ్ళీ కడిగింది, ఆరబెట్టింది, గాడిలో పూత రాసింది. వేలు కిటికీని చేరింది. డాక్టరమ్మ పని కాలేదు. అతను ఆగకుండా వేలిని కిటికీ చట్రం వెంట పైకి తిప్పాడు. పూతని గట్టిపరిచే నీలం వెలుతురు పన్ను మీద పడింది. వేలు చట్రం పైకొసకి వచ్చింది. అవతల అందదు. మునివేళ్ళ మీద లేచాడు.

"అయింది!" అంది డాక్టరమ్మ.

గోడకి ఆనుకుని చెమట తుడుచుకున్నాడు.

"ఇక కుడివైపు." పక్కనున్న పళ్ళెంలోంచి మత్తుసూది తీసింది డాక్టరమ్మ.

పిడుగు తండ్రి వైపు తిరిగింది. "నాన్నా, నొప్పా?"

"ఏం లేదమ్మా, చీమ కుట్టినట్టు..." అందుకుంది నాయనమ్మ.

"నొప్పే," అన్నాడతను. "సూది గుచ్చినప్పుడు. తర్వాత తెలీదు."

పిల్ల అతని మొహంలోకి కాసేపు చూసింది. చూసి, నోరు తెరిచింది.