ఆరో తరగతి గదిలో పత్తిమందు

నేను కళ్లారా చూసింది చెబుతున్నాను. చూసి కూడా ఐదు రోజులు నోరు మూసుకున్నవాణ్ణి కాబట్టి నన్ను కూడా కొంచెం అనుమానిస్తూనే చదవండి. కూలికి పోయే అక్కలకూ, కాలేజీలో చదివే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఈ ముచ్చట తెలియాలి. ఎందుకంటే ఇది మా ఒక్క బడి సంగతి కాదు.

మార్చి నెల, శుక్రవారం. నర్సంపేట అవతల ఒక ఊళ్లో సర్కారు హైస్కూలు. మట్టెవాడ నుంచి పొద్దున్నే బస్సెక్కి పోయి, గంటల లెక్కన అక్కడ సైన్సు చెబుతాను. నా పేరు శశాంక్. ఆ మధ్యాహ్నం రెండున్నరకు ఆరో తరగతి గదిలోంచి ఒక పిల్ల తూలుతూ బయటికొచ్చి వరండాలో పడిపోయింది. బడిలో వంట చేసే దీనమ్మ కూతురు హెప్సిబా. పదకొండేళ్లుంటాయి. నోట్లోంచి సొల్లు కారుతోంది, కళ్ల నుంచి ఆగకుండా నీళ్లు. ఆ పిల్లను లేపేలోపే ఇంకొకరు, ఆ వెనకే ఇంకొకరు. అరగంటలో ఇరవై ముగ్గురు పిల్లలు నేలమీద పడి వాంతులు చేసుకుంటున్నారు. ఊళ్లో ఉన్న ఆటోలన్నీ బడిముందుకొచ్చాయి.

పిల్లల్ని ఎత్తుకొద్దామని గదిలోకి పోయాను. కిటికీలన్నీ మూసి ఉన్నాయి. ముక్కు పగిలే వాసన. పత్తిచేను పక్కన నడిచిన ఎవరికైనా తెలిసిన వాసన. ఆ పొద్దున బడి గంట కొట్టకముందు ఉప్పలయ్య భుజానికి స్ప్రే ట్యాంకు వేసుకుని ఆ గదిలోంచి రావడం నేను చూశాను. సోమవారం పై అధికారులు తనిఖీకి వస్తున్నారు, ఆరో తరగతి బీరువాకు చెదలు పట్టాయి. మందు కొట్టించమని హెడ్మాస్టరు రాజేశ్వర్ రావు చెప్పాడు. మండలంలోని బళ్లలో మందు కొట్టే కాంట్రాక్టు నర్సంపేటలో పురుగుమందుల దుకాణమున్న లక్ష్మీనారాయణది. ఉప్పలయ్య ఆయన కూలి మనిషి. మధ్యాహ్నం దాకా ఆరో తరగతి పిల్లలు వరండాలోనే కూర్చున్నారు. అన్నాలు తిన్నాక వరండాలోకి ఎండ వచ్చింది. లోపలికి పొమ్మన్నది హెడ్మాస్టరే.

ఆటోలు ఊరి పొలిమేర దాటకముందే ఆయన ఫోన్లో పై వాళ్లకు ఫుడ్ పాయిజన్ అని చెబుతున్నాడు. డాక్టరు చూడని రోగం ఈయనకెట్లా తెలిసింది? నాకు అనుమానం మొదలైంది అక్కడే.

వరంగల్ పెద్ద దవాఖానలో కూడా ఆయన అదే మాట చెప్పాడు. కానీ ఆటోలో పిల్లలతో వచ్చిన పత్తికూలీ శకుంతల ఊరుకోలేదు. ఆమె పెనిమిటి ఒకసారి చేన్లో మందు కొడుతూ కొడుతూనే పడిపోయిన మనిషి.

"తిండి తేడా జేస్తే కడుపు వోతది గని సొల్లెందుకు కారుతది డాక్టరమ్మా? మా ఆయనకు గిట్లనే కారింది. ఇది మందు వాసన," అంది.

ఆ డాక్టరమ్మ పిల్లల కళ్లలోకి లైటు వేసి చూసి, వెంటనే విరుగుడు ఇంజెక్షన్లు మొదలుపెట్టించింది. పిల్లలందరూ బతికారు. శకుంతల నోరు చేసుకోకపోతే ఏమయ్యేదో.

ఇటు బడిలో దీనమ్మ ఒక పొరపాటు చేసింది. పిల్లలకు వాంతులన్న మాట వినగానే, తన వంటే వికటించిందేమో, ఇంకో బిడ్డ తింటుందేమోనన్న భయంతో మిగిలిన సాంబారు మోరీలో పారబోసి గిన్నెలు తళతళా తోమిపెట్టింది. పరీక్షకు పంపడానికి చెంచాడు సాంబారు మిగల్లేదు. రాజేశ్వర్ రావుకు కావలసింది అదే. తప్పు చేయకపోతే ఎందుకు పారబోసినట్టు అన్నాడు హెడ్మాస్టరు. ఆరో తరగతి పిల్లలే ఎందుకు పడిపోయారని ఎవరో అడిగితే, దానికీ జవాబు సిద్ధం. వాళ్లు చివర తింటారు, గిన్నె అడుగుది వాళ్లకే వస్తుంది.

శనివారం పోయేసరికి ఆరో తరగతి గది కిటికీలు బార్లా తెరిచి ఉన్నాయి. నేల ఫినాయిలుతో కడిగారు. బీరువా లేదు. హెడ్మాస్టరు మా అందరి ముందు ఒక కాగితం పెట్టాడు. మధ్యాహ్న భోజనం తిన్న తర్వాతే పిల్లలకు అస్వస్థత కలిగిందని రాసి ఉంది. మా గంటల ఉద్యోగం ఆయన దయమీదే. సంతకం పెట్టాను. సిగ్గుతోనే చెబుతున్నాను, పెట్టాను.

దీనమ్మను పనిలోంచి తీసేశారు. కేసు పెడతామన్నారు. సోమవారం నుంచి పిల్లలు ఇంటి దగ్గర్నుంచే అన్నం డబ్బాలు తెచ్చుకున్నారు. నల్లా దగ్గర ఆడవాళ్లు దీనమ్మను చూసి పక్కకు తప్పుకున్నారు. అంతకన్నా ఘోరం, ఆమె తనను తానే అనుమానించుకోసాగింది. పప్పులో ఏం పడింది, నూనె ఎక్కడిది అని నన్ను పట్టుకుని అడిగింది. నాకు తెలిసింది చెప్పలేక తలవంచుకుని వచ్చేశాను.

మంగళవారం హెప్సిబా ఇంటికొచ్చింది. శకుంతలా, ఇంకో నలుగురు కూలి ఆడవాళ్లూ చూడబోతుంటే నేనూ వెళ్లాను. ఆ రోజు ఎంత తిన్నావు, సాంబారు ఎట్లుందని దీనమ్మ కూతుర్ని పదే పదే అడుగుతోంది. పిల్ల తల్లి మొహం చూసి ఏడుపు మొదలుపెట్టింది.

"కొట్టకే అమ్మా. నేను తినలే. ఈస్టరు ముందటి శ్రమ దినాలు గదా, ఉపాసమున్న. నువ్వు చిన్నపిల్లవు వద్దన్నవని చెప్పలే. నా ప్లేటు తేజస్వికిచ్చిన."

తేజస్వి పక్కింటి పిల్ల, ఏడో తరగతి. గుమ్మంలోనే నిలబడి ఉంది. తన అన్నమూ, గుడ్డూ, హెప్సిబా అన్నమూ, గుడ్డూ అన్నీ తిన్నదట. ఒక్క వాంతి కూడా కాలేదు. తినని పిల్ల అందరికన్నా ముందు పడిపోయింది. రెండింతలు తిన్న పిల్ల గుండ్రాయిలా నిలబడింది.

దీనమ్మ కూతురి తలను ఒళ్లోకి లాక్కుని గట్టిగా ఏడ్చింది. నాలుగు రోజులుగా తానే అనుమానించుకున్న వంట చేతులు ఆమెకు తిరిగి దొరికాయి.

సాయంత్రానికి చర్చి ముందర నలభై మంది ఆడవాళ్లు కూడారు. మరునాడు బడిలో జరిగే విచారణకు పోయి నిలదీద్దామని శకుంతల అంటే వాళ్లు అంత సులువుగా ఒప్పుకోలేదు. రేపు మందు కావాలన్నా విత్తనాలు కావాలన్నా లక్ష్మీనారాయణ దుకాణానికే పోవాలి గదా అని ఒకామె. పిల్లలు బతికిండ్రు, ఇంకెందుకు లొల్లి అని ఇంకొకామె. అసలు బడిలో మందు ఎట్లా కొట్టాలి, నువ్వు సైన్సు సారువి గదా చెప్పమని నన్ను నిలదీశారు. చెప్పాను. పిల్లలు లేని సెలవు రోజునే కొట్టాలి. ఏ మందో, ఎప్పుడో ముందే నోటీసు అంటించాలి. చేన్లో కొట్టే మందు గదిలోకి అసలు రాకూడదు. నిజానికి చెమ్మపట్టిన గోడకు ఆనించిన బీరువాను ఇవతలికి జరిపి, కారే పైకప్పు బాగుచేస్తే సగం చెదలు మందు లేకుండానే పోతాయి.

"గివన్ని ఎరికుండి శుక్రారం ఎందుకు నోరు మూసుకున్నవ్ సారూ?" అంది శకుంతల.

రేపు అందరి ముందూ నా సంతకం వెనక్కి తీసుకుంటానని మాత్రం అన్నాను. నమ్మారో లేదో తెలియదు.

బుధవారం విచారణ. బడి ఆవరణలో బల్ల వేసి విద్యాశాఖ అధికారి, ఎస్సై, హెడ్మాస్టరు, లక్ష్మీనారాయణ కూర్చున్నారు. బల్లమీద ఒక డబ్బా. ఇళ్లల్లో వాడే మందని కొత్త కాగితం అంటించి ఉంది. ఆ రోజు కొట్టింది ఇదేనన్నాడు లక్ష్మీనారాయణ. ఉప్పలయ్య ఆయన వెనక తలవంచుకుని నిలబడ్డాడు.

నేను లేచి నా సంతకం భయంతో పెట్టిందని చెప్పాను. హెప్సిబా ఉపవాసం సంగతి దీనమ్మ చెప్పింది. చిన్నపిల్లల మాటలు రికార్డుకు పనికిరావన్నాడు అధికారి. అప్పుడు శకుంతల, ఇంకొకామె కలిసి రెండు కుర్చీలు మోసుకెళ్లి ఆరో తరగతి గది మధ్యలో వేసి వచ్చారు.

"మంచిమందే అంటాండ్లు గదా. ఆనాడు కొట్టినంత గిప్పుడు కొట్టిపియ్యుండ్రి. కిటికీలు మూసి మీరిద్దరు ఒక్క గంట కూసోండ్రి. నవ్వుకుంట బయటికొస్తే దీనమ్మను మేమే టేషన్ల అప్పజెప్తం," అంది శకుంతల హెడ్మాస్టరుతో, లక్ష్మీనారాయణతో.

హెడ్మాస్టరు లక్ష్మీనారాయణ వైపు చూశాడు. లక్ష్మీనారాయణ తనకు ఆయాసం ఉందన్నాడు. నలభై మంది ఆడవాళ్లు దారి విడిచి నిలబడ్డారు, ఆ ఇద్దరూ గదిలోకి పోవడానికి. ఎవరూ కదల్లేదు. చివరికి కదిలింది ఉప్పలయ్య.

"గీ డబ్బ నేను ఇయ్యాల్నే సూత్తాన్న," అన్నాడు. "ఆనాడు కొట్టింది పత్తిమందు. ఎర్ర గుర్తు డబ్బ, అన్నిట్లకంటె విషం. దుకాణంల మిగిలిపోయింది. మా సేటు కొట్టుమన్నడు, కొట్టిన. నాకూ పిల్లలున్నరు."

ఇక్కడితో న్యాయం జరిగిందనుకుంటే మీకు ఈ రాజ్యం సంగతి ఇంకా తెలియదన్నమాట. అధికారి రాసుకున్నాడు: కూలి మనిషి నిర్లక్ష్యం వల్ల ప్రమాదం జరిగింది, వంటమనిషి తప్పు లేదు. పోలీసులు ఉప్పలయ్యను జీపెక్కించారు. లక్ష్మీనారాయణ తన కారెక్కి దుకాణానికి పోయాడు. నిజం చెప్పినవాడు ఠాణాకు, అబద్ధం తెచ్చినవాడు ఇంటికి. రేపటి నుంచి వంటకు రమ్మని దీనమ్మతో హెడ్మాస్టరు చాలా మర్యాదగా అన్నాడు.

మరునాడు దీనమ్మ పొయ్యి వెలిగించలేదు. మందు కొట్టే కూలీలు లక్ష్మీనారాయణ ట్యాంకులన్నీ దుకాణం మెట్లమీద పెట్టేసి వచ్చారు. అందరం ఆరు కిలోమీటర్లు నడిచి నర్సంపేట ఠాణా ముందు కూర్చున్నాం. ఎస్సై బయటికొచ్చి, నీ పేరు కేసులోంచి తీసేశాం గదా, ఇంకా నీకిక్కడ ఏం పని అని దీనమ్మను అడిగాడు.

"నా మీద పడ్డ నింద ఆయన మాటతోని పోయింది సారూ. ఆ నింద ఇప్పుడు ఆయన మీదేసిండ్లు. మందిచ్చినోన్ని, గదిలకు తోలినోన్ని తెచ్చేదాక లేవం," అంది దీనమ్మ.

లేవకపోతే అందరినీ లోపలేస్తానన్నాడు. ఎవరూ లేవలేదు. ఇంకో రెండు జీపులు వచ్చి మా వెనక ఆగాయి. పోలీసులు లాఠీలతో దిగుతుండగానే కేసముద్రం వైపు నుంచి వచ్చిన బస్సు ఆగింది. మాకెవరికీ తెలియని ఒకామె, చంకలో బిడ్డతో దిగి మా దగ్గరికొచ్చింది.

"బడిల మందు కొట్టిన లొల్లి ఈడనేనా అక్కా? మా ఊరి బడిల గూడ గా లక్ష్మీనారాయణనే కొట్టిపిచ్చిండు. మా పిల్లలకు నెల సంది కండ్లు మసకలే."

దీనమ్మ పక్కకు జరిగి ఆమెకు చోటిచ్చింది.