లేబుల్ ప్యాకేజీకి వేసిన తాళం

తాళం వేసింది మీరు. సంజాయిషీ ఇచ్చుకుంటున్నది మా అక్క. సిస్టమ్స్ గదిలో ఏసీ కింద కూర్చున్న పెద్దలారా, సిగ్గుందా మీకు? మీ పక్క కుర్చీ నాదే కాబట్టి ఆ మాట నాకూ తగులుతుంది. తగలనివ్వండి.

అక్క ఈ ఆసుపత్రి ల్యాబులో రక్తం గొట్టాలకు లేబుళ్లు అంటిస్తుంది. ఆ లేబుళ్లు వేసే ప్రోగ్రాం కొత్త వెర్షన్‌కు మన ప్రింటర్‌తో పడలేదు. అలాంటప్పుడు, మన కంప్యూటర్లను నడిపే లినక్స్‌లో, ఆ ప్రోగ్రాం ఉన్న ప్యాకేజీని అప్‌డేట్‌లో మారకుండా పాత వెర్షన్ దగ్గరే ఆపేయొచ్చు. మన గదిలో దాన్ని తాళం అంటాం. వేసింది ఈ గదికి పెద్ద, మా బావే. ఎందుకు వేశాడో ఎక్కడా రాయలేదు. అడిగినవాడికి మీ అందరి జవాబు ఒకటే: "కందకు లేని దురద కత్తిపీటకెందుకురా?"

పై గదికి తాళం వేసి కింది తలుపు బార్లా వదిలేశారు. ఆ ప్రోగ్రాం ఆధారపడే ఫాంట్ల ప్యాకేజీని, అంటే అక్షరాల, అంకెల ఆకారాలుండేదాన్ని, ఎవరూ ఆపలేదు. మొన్నటి అప్‌డేట్‌లో అది మారింది. అంకెలు వెడల్పయ్యాయి. రోగి నంబరులో చివరి అంకె లేబుల్ అంచు దాటిపోయింది. ఇద్దరి గొట్టాల మీద ఒకే నంబరు పడి, రిపోర్టులు తారుమారయ్యాయి.

ల్యాబు పెద్ద డాక్టరు అక్కను అందరి ముందు నిలబెట్టాడు.

"కళ్లు నెత్తికెక్కాయా అమ్మా?"

"మిషను ఇచ్చిందే అంటించాను సార్."

డాక్టరు బావ వైపు తిరిగాడు. "మీవైపేమైనా ఉందా?"

"మావైపేం మారలేదండీ, తాళం వేసే ఉంది," అన్నాడు బావ, ఫోను లోంచి తల ఎత్తకుండా.

అక్కను పనిలోంచి పక్కన పెట్టారు.

నాకు అనుమానమొచ్చి, వాడకుండా పడున్న కంప్యూటరులో అదే అప్‌డేట్ ఎక్కించి లేబుల్ తీశాను. చివరి అంకె లేదు. తెచ్చి బావ చేతిలో పెట్టాను. ఆయన ముందు చేసిన పని, గది తలుపు మూయడం.

"ఇది బయటపెడితే నా పరువేం కావాలిరా?"

"అక్క పరువో బావా?"

"నాలుగు రోజులు పోతే అందరూ మర్చిపోతార్లే."

ఆ సాయంత్రం వాళ్లింట్లో ముగ్గురం భోజనానికి కూర్చున్నాం. అక్క కంటి డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చిందట.

"కళ్లు బాగానే ఉన్నాయన్నాడురా. మరి బుర్రే చెడిందేమో," అని నవ్వబోయింది. నవ్వు రాలేదు. "ఏవండీ, మీవైపు నిజంగా ఏం లేదా?"

"లేదన్నానుగా."

నేను నోరెత్తలేదు. ఆమె వడ్డించిన ముద్ద నోట్లో ఉంది. ఆ సాకు చాలింది నాకు. కట్టుకున్నవాణ్ని నమ్మి, ఆమె తన కళ్లనే అనుమానించింది. అది చూస్తూ కూడా కడుపునిండా తిని లేచాం, ఇద్దరు మగాళ్లం.

ఇక చాలు. బావా, నీక్కూడా కలిపే చెబుతున్నాను. ఫాంట్ల ప్యాకేజీని పాత వెర్షన్‌కు తిప్పండి. రెంటికీ కలిపి తాళం వేసి, ఎవరు వేశారో, ఎందుకు వేశారో, ఎప్పుడు తీస్తారో పక్కనే రాయండి. ఆ లేబుళ్లతో రిపోర్టు అందుకున్న ప్రతి రోగినీ పిలిచి మళ్లీ రక్తం తీయించండి. వీటన్నిటికంటే ముందు, అక్కను నిలబెట్టిన చోటే మనం నిలబడి, ఆ డాక్టరు వినేలా, తప్పు మాదని ఆమెతో చెప్పాలి. రేపు కాదు, ఇప్పుడే. లేవండి!