అక్క ఓడ ఇచ్చిన పంపు

తాల్కవానో రేవులో ఆ రెండు డిస్ట్రాయర్ యుద్ధనౌకలనూ అందరూ అక్కా చెల్లీ అనే పిలిచేవారు. కాగితాల మీద వాటికి పెద్దపెద్ద నావికాధిపతుల పేర్లున్నాయి గానీ ఆ పేర్లు ఎవరికి కావాలి? రెండూ గ్రింగోల దగ్గర, అంటే అమెరికావాళ్ల దగ్గర, పాతవిగా కొన్నవే, ఒకే అచ్చున పోసినవి. వాటి విడిభాగాలు తయారుచెయ్యడం ఆ గ్రింగోలే ఎప్పుడో మానేశారు. అందుకని అక్కను గట్టుకు కట్టేసి, చెల్లికి ఏది పాడైతే అది అక్క ఒంట్లోంచి ఊడదీసి ఇచ్చేవారు. ఊడదీసిన చోట చెల్లి పాడు సామాను తెచ్చి బిగించేవారు, ఓడలో బొక్క ఉంచితే అరిష్టమని. పాడువాటి మీద ఎర్రరంగు పట్టీ వెయ్యడం అక్కకు కాపలా ఉండే నికనోర్ పని.

పోయిన నెల అడ్మిరల్ వస్తున్నాడని లెఫ్టినెంట్ ఉర్సువా అక్కకు లోపలా బయటా బూడిదరంగు కొట్టించాడు. ఎర్రపట్టీలన్నీ మాయమైపోయాయి. నికనోర్ నోరు మెదపలేదు. ఏది మంచిదో ఏది పాడుదో తనకు కంఠతా వచ్చని ధీమా. పింఛను ముంగిట్లో ఆఫీసరుతో గొడవెందుకు?

ఈ ఉదయం చెల్లిలో చుక్కాని తిప్పే రెండు పంపుల్లో ఒకటి పోయింది. అక్కలో రెండున్నాయి, ఒకటి మంచిది, ఒకటి పాడుది. ఎడమదే మంచిదన్నాడు నికనోర్. చెల్లిలో మెకానిక్కుగా ఉన్న అల్లుడు, కూతురు ఎల్బా మొగుడు అమదోర్ వచ్చి అది పట్టుకుపోయాడు. చెల్లి దక్షిణానికి బయల్దేరింది.

మధ్యాహ్నానికి తుఫాను తెచ్చే ఉత్తరపు గాలి లేచింది. చిక్కుళ్ల గిన్నె ముందు కూర్చున్న నికనోర్‌కు చెంచా నోటిదాకా పోలేదు. నిజంగా ఎడమదేనా?

కిందికి దిగి, మిగిలిన కుడి పంపును చాకుతో గీకాడు. ఎర్రరంగు కనబడనీ తల్లీ, రవ్వంత చాలు. బూడిదరంగు కింద ఉట్టి ఇనుము తేలింది. మంచిది ఇక్కడే ఉంది. పాడుది అల్లుడితో పాటు సముద్రం మీద ఉంది.

వైర్‌లెస్ గదికి పరిగెత్తి, ఉర్సువా కాళ్లావేళ్లా పడి చెల్లిని పలికించాడు. కొత్త పంపు ఎలా ఉందని అడిగితే, పరీక్షించామనీ భేషుగ్గా ఉందనీ అమదోరే జవాబిచ్చాడు.

"విన్నావుగా ముసలాడా, పోయి అన్నం తిను," అన్నాడు ఉర్సువా.

నికనోర్ కదల్లేదు. పాడు పంపు భేషుగ్గా ఎలా ఉంటుంది? బిగించే ముందు రంగు గీకి చూడమని అల్లుడికి నేర్పింది తనే. వాడు గీకే ఉంటాడు. ఎర్రరంగు చూసే ఉంటాడు. నికనోర్ ఉర్సువా చేతిలోంచి మైకు లాక్కున్నాడు.

"అల్లుడూ, నేను. ఎర్రరంగు చూశావు కదూ?"

గరగరలోంచి అమదోర్ గొంతు వచ్చింది.

"ఒక పంపు నడుస్తోందిలే మావయ్యా. నేను చూసుకుంటా. నీ పింఛను..."

"నా పింఛను మట్టిగొట్టుకుపోనీ. అదీ ఆగిపోతే ఎల్బాకి నేనేం చెప్పనురా? మా మావయ్య పాడుది ఇచ్చాడని కెప్టెన్‌తో చెప్పు. ఓడ తిప్పించు."

చివరికి కెప్టెన్ గొంతు, వెనక్కి వస్తున్నామని.

ఉర్సువా అడక్కముందే నికనోర్ అక్క తాళాలు తీసి బల్లమీద పెట్టాడు. చెల్లి రేవులోకి వచ్చేదాకా ఇక్కడే ఉంటానన్నాడు. ఉర్సువా ఆ తాళాల వంక చూడలేదు, తను కొట్టించిన బూడిదరంగు అంటిన ముసలాడి గోళ్ల వంకే చూశాడు. తర్వాత లేచి తన కుర్చీ ఆయన వైపు జరిపాడు.